కల్ అంటే నిన్నా, రేపా

మా అమ్మ దేన్నీ ఒక పట్టాన నమ్మేది కాదు. పొద్దున్నే తలుపు తీసి ఎండ కనబడితే సంతోషించే మనిషి కాదు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఇయ్యాల ఇంత తెల్లగా ఎందుకు కాస్తంది ఇది?" అని ఆకాశాన్ని నిలదీసేది. కొట్లో కొబ్బరినూనె కొంటే మూత తీయించి వాసన చూసేది, వేలికి రాసుకుని నాలుక మీద వేసుకునేది, ఇంకో చుక్క నా జడకు రాసి వెలుతురులో తిప్పి చూసేది, అప్పటికి గాని సీసా సంచీలోకి వెళ్ళేది కాదు. కొట్టు మలయాళీ అతనిది. "ఇత్‌నా షక్, దీదీ?" అని అమ్మ అనుమానానికి నవ్వేవాడు. "నవ్వుతున్నాడంటే ఏదో ఉంది" అని అమ్మ ఇంటికొచ్చాక మళ్ళీ వాసన చూసేది. రేకుల కప్పు మీద నెత్తళ్ళ చేపలు ఎండబోస్తే కాకుల మీద అనుమానం. కాకుల కంటే పక్కింటి పిల్లి మీద అనుమానం. పిల్లి కంటే దాన్ని పెంచుతున్న సన్యాసమ్మ పిన్ని మీద ఎక్కువ అనుమానం. పిన్ని మా ఇంట్లోకి అడుగు పెట్టిందంటే అమ్మ చెయ్యి ముందు కూర గిన్నె మూత మీదకి వెళ్ళేది. "నీ కూర నానేటి ఎత్తుకెల్లిపోతానేటి?" అని పిన్ని ఉడుక్కునేది. "ఎత్తుకెల్లవు. ఏం ఒండినానో ఈదంతా సెప్తావు" అనేది అమ్మ. ఆ మాట నిజమే. మధ్యాహ్నానికి మా ఇంట్లో ఏం వండామో వీధి చివర రాంచీ వాళ్ళ ఇంటి దాకా తెలిసిపోయేది.

ఆ మనిషి ఈ వానాకాలం బ్రూక్షాబాద్‌లో మా ఇంట్లోనే పోయింది. మంచాన పడి మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. డాక్టరిచ్చిన మాత్రల్ని చివరి దాకా దీపం వెలుగులో తిప్పి తిప్పి చూసి గాని మింగలేదు, అంతే. పోయిన రోజున, ఇంటి నిండా జనం ఉండగా, పంతులు నన్ను ఒక మాట అడిగాడు. మీ అమ్మగారిని ముత్తైదువుగా పంపాలా, కాదా అని. అంటే మా అయ్య బతికి ఉన్నాడా, పోయాడా అని. నాకు మనవలున్నారు. నా చిన్నతనం నుంచి ఆ మాటని జనం నన్ను రకరకాలుగా అడుగుతూనే ఉన్నారు, నేను అడిగినవాళ్ళ మొహం చూసి రకరకాలుగా చెప్తూనే ఉన్నాను. ఆ రోజు ఏం చెప్పానో, ఎందుకు చెప్పానో రాయాలనిపించింది. నేను తెలుగు బడిలో అయిదో తరగతి దాకానే చదివాను. నా మనవరాలు తెలుగు గడగడా మాట్లాడుతుంది గాని చదవలేదు. "నువ్వు రాయి నానమ్మా, తర్వాత చదివి సునాయించు" అంది. అందుకని దానికి చదివి వినిపించేటట్టే రాస్తున్నాను.

అప్పుడు మేము డిగ్నాబాద్‌లో ఉండేవాళ్ళం. పడాక్ చెక్కల గోడలు, పైన రేకులు, వాన పడితే ఒకరి మాట ఒకరికి వినబడని ఇల్లు. మా తాతల నాడు శ్రీకాకుళం సముద్రం ఒడ్డు నుంచి ఈ దీవులకి వచ్చినవాళ్ళం. ఇక్కడ కూడా అదే పని, చేపలే. ఇంట్లో ఎప్పుడూ కిరసనాయిలు వాసన, తడి వలల వాసన, వాటి కింద ఎండు చేపల వాసన. మా అయ్య అప్పన్న వేటకి బయల్దేరేటప్పుడు ఎక్కడికని అడగకూడదు, వెళ్తున్నానని ఆయన అనకూడదు. "వస్తా" అని గడప దాటేవాడు. గుమ్మంలో అమ్మ ఊ అని కూడా అనేది కాదు, ఇంజిన్ చప్పుడు సరిగ్గా ఉందో లేదో చెవి పెట్టి వినేది. సీజన్‌లో అయ్య తన చిన్న పడవ, మోటారు డోంగీ, తీసుకుని ఉత్తరానికి, మాయాబందర్ వైపు వెళ్ళి అక్కడే గుడిసె వేసుకుని వేటాడేవాడు. ఎప్పుడు వస్తాడన్న కబురు ఎవరో ఒకరి నోట, ఓడ మీద వచ్చేది. ఫోన్లు ఆఫీసుల్లో ఉండేవేమో, మాకు తెలియదు.

మా వీధిలో రాంచీ వాళ్ళు, బెంగాలీలు, తమిళులు, అందరికీ కలిపి హిందీ ఒక్కటే. ఆ హిందీ కూడా మా దీవుల హిందీ. ఆడా మగా తేడా ఉండదు, చివర రావలసిన మాట వస్తే వస్తుంది, లేకపోతే లేదు. అమ్మకు హిందీ మీద మొదట్నుంచీ అనుమానమే. అందులోనూ కల్ అన్న మాట మీద మరీను. నీళ్ళు వదిలే మనిషిని "పానీ కబ్?" అని అడిగితే "కల్" అనేవాడు. మర్నాడు బిందెలు పెట్టుకు కూర్చుంటే నీళ్ళు వచ్చేవి కావు. "నిన్నే వదిలీసినాడేమో, ఎవలికి తెల్సు!" అనేది అమ్మ. "నిన్నకీ రేపటికీ ఒకటే మాట. మరి ఈళ్ళింట్లో పెళ్ళెప్పుడని అడిగితే ఏటి సెప్తారు? అయిపోయిందనా, అవ్వాలనా?" మేము నవ్వేవాళ్ళం. అయ్య అందరికంటే గట్టిగా నవ్వేవాడు. కానీ తెలుగు మాట్లాడుతూనే మేమందరం కల్ అనేవాళ్ళం. అమ్మ మాత్రం అనేది కాదు. నిన్న అనేది, రేపు అనేది.

ఆ ఏడు దీపావళి ముందు పగలంతా గాలివాన కొట్టింది. పక్కింటి రేకు మా పెరట్లో పడింది. చీకటి పడే వేళకి గాలి తగ్గింది. మర్నాడు పొద్దున్న అమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు తోముతోంది, నేను బూడిద అందిస్తున్నాను. సింహాద్రి చిన్నాన్న వచ్చాడు. ఆయన సన్యాసమ్మ పిన్ని మొగుడు, అయ్యకు వేటలో జతగాడు. ఆ సీజన్‌లో కాలికి దెబ్బ తగిలి ఆయన ఇంట్లో ఉండిపోయాడు, అయ్య ఒక్కడే వెళ్ళాడు. ఎప్పుడూ మెడ మీద ఉండే తువ్వాలు ఆ రోజు చిన్నాన్న చేతిలో ఉంది. వెనకాల పిన్ని. ఆ వెనకాల వీధిలో సగం మంది.

"వదినా, ఆ కత్తిపీట పక్కన పెట్టు" అన్నాడు.

"ఎందుకు? ఏటో సెప్పు" అంది అమ్మ.

"మాయాబందర్ జహాజ్ ఇప్పుడే జెట్టీకొచ్చింది. రాత్రి గాలి తగ్గినాక బయలెల్లిందట. అన్న... అన్న నిన్న బయలెల్లిపోనాడట వదినా. డోంగీ మీద."

నిన్న అంటే గాలివాన రోజు. ఆ గాలిలో డోంగీ మీద ఉన్నవాడు ఏమవుతాడో అక్కడ నిలబడ్డ చిన్న పిల్లలకి కూడా తెలుసు. పిన్ని చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరో ముసలమ్మ అప్పుడే రాగం ఎత్తింది. అమ్మ ఆమె వైపు చేప చేత్తోనే సైగ చేసింది, ఆగమని.

"ఎవలు సెప్పినారు?"

"జహాజ్ మీద పనిసేసే లస్కర్."

"ఏ లస్కరు?"

"కరెన్ జాతాయన. తెల్లగా, పొట్టిగా ఉంటాడు. నీకేటి తెల్దా?"

"ఏ బాసలో సెప్పినాడు?"

"ఏ బాసేటి వదినా! హిందీలో."

"ఆడన్నది అన్నట్టు అను."

"ఇదేం అడగడం..."

"అను సిమ్మాద్రీ."

చిన్నాన్న వెనక్కి చూశాడు, ఎవరైనా తనని తప్పిస్తారేమోనని. ఎవరూ కదల్లేదు. "అప్పన్న... డోంగీ... కల్. అదే అన్నాడు. డెక్కు మీంచి అరిసినాడు."

అమ్మ చేప కింద పెట్టింది. చేతులు కడుక్కుంది. "కల్ గయా అన్నాడా, కల్ ఆయేగా అన్నాడా? ఎల్లిపోనాడనా, వస్తాడనా?"

"జహాజ్ ఇంజిన్ సప్పుడు వదినా. సివరి మాట ఇనపళ్ళేదు."

"ఇనపడని మాట నిన్నెలాగయ్యింది?"

సింహాద్రి చిన్నాన్న చేతిలో తువ్వాలు పిండినట్టు మెలిపెడుతున్నాడు. ఆ మాటని తానే తెలుగు చేశానన్న సంగతి ఆయనకి అప్పుడు తట్టింది. వాన చూశాడు, గాలి చూశాడు, కల్ అన్న మాట చెవిన పడింది. దారిలోనే అది నిన్న అయిపోయింది. "రేపయినా అవ్వొచ్చు" అన్నాడు చివరికి, నేల చూస్తూ.

రేపు వచ్చింది. అయ్య రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మా వాళ్ళలో సముద్రం మీద మనిషి పోతే ఆ ఇంటి కార్యం అయ్యేదాకా మిగతా పడవలు వేటకి వెళ్ళవు. ఒడ్డున ఆడమనిషి గాజులు తీయించి, నీళ్ళలో వదిలి, స్నానం చేయించి తీసుకొస్తారు. అప్పుడు సముద్రం మళ్ళీ అందరిదీ అవుతుంది. పెద్దలు మా అరుగు మీద కూర్చున్నారు. మర్యాదగానే మాట్లాడారు. ఇన్ని పొయ్యిలు ఆగిపోయాయమ్మా అన్నారు. అమ్మ గుమ్మం లోపల నిలబడి, "మాయాబందర్ ఎల్లి అడిగొస్తాను, అందాకా ఆగండి" అంది. ఆగడం వాళ్ళకి ఇష్టం లేదు. కానీ అడిగొస్తానన్న మనిషిని ఎలా ఆపుతారు?

నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఓడలో నేను దారంతా కక్కుకున్నాను. అమ్మ ఒక చేత్తో నా తల పట్టుకుని రెండో చేత్తో కరెన్ లస్కర్ చొక్కా పట్టుకుంది. నిజంగానే పట్టుకుంది. "క్యా బోలా తుమ్? కల్ గయా, కల్ ఆయేగా?" ఆ మనిషి చెడ్డవాడు కాదు. మా మొహాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "హమ్‌కో క్యా మాలూమ్, అమ్మా. జెట్టీ పే చాయ్‌వాలా బోలా కల్, హమ్ భీ బోలా కల్." మాయాబందర్‌లో దిగగానే, ఆయనకి ఆ కల్ చెప్పిన చాయ్ అమ్మేవాడి దగ్గరికి వెళ్ళాం. వాడి కొట్టు కప్పు ఎగిరిపోయింది, వాడు రేకులు ఏరుకుంటున్నాడు. అన్నానేమో అన్నాడు, ఆ గోలలో ఎవరేమన్నారో ఎవరికి గుర్తు అన్నాడు. అయ్య గుడిసె దగ్గర డోంగీ లేదు, వల లేదు. పొయ్యి రాళ్ళు ఉన్నాయి. అక్కడ ఒక మనిషి చెప్పాడు, గాలి లేవక ముందు డోంగీ దక్షిణంగా వెళ్ళడం నా కళ్ళతో చూశాను, ఎర్ర బనీను వేసుకున్నాడు, చెయ్యి ఊపాడు అని. బెంగాలీ దుకాణం ఆవిడ చెప్పింది, గాలి తగ్గాక నా దగ్గర బీడీలు కొన్నాడు, పక్కన ఇంకెవరో ఆడమనిషి ఉంది, ఉత్తరానికి పోయే పడవ ఎక్కాడు, నీలం చొక్కా అని. అమ్మ ఇద్దరి మాటా కదలకుండా నిలబడి వింది. తిరిగి జెట్టీకి నడుస్తూ, "నిజంగా సూసినోళ్ళు ఇంత బాగా సెప్పరే" అంది నాతో. "సూసినోడికి నడుమ కొన్ని మరుపులుంటాయి." బన్ను కొనిచ్చింది. అది కూడా విరిచి లోపల వాసన చూసి ఇచ్చింది. "మరి అయ్యేడమ్మా?" అని అడిగాను. "తెల్దు" అంది. పెద్దవాళ్ళు పిల్లల్ని తప్పించుకోవడానికి అనే మాట అనుకున్నాను.

మేము తిరిగొచ్చిన రోజే పెద్దలు మళ్ళీ వచ్చారు. ఈసారి గొంతులు మారాయి. అందులో పెద్దాయన ఒకాయన, అమ్మకు వరసకి మావయ్య, ఉన్న మాట విప్పి చెప్పాడు. "ఇనుకో అమ్మీ. నిన్న అని ఒప్పుకున్నావనుకో, ఆడు గంగమ్మ ఒళ్ళోకి ఎల్లినోడు. నీకూ గౌరవం, ఆడికీ గౌరవం. ఈదంతా నిన్నూ నీ గుంట పైడితల్లినీ సూసుకుంటాది. కాదు, రేపు అన్నావనుకో. ఆడు బతికుండి నీ దగ్గిరకి రాలేదనే కదేటి? నిన్నొగ్గీసినాడనే కదేటి? ఆ మాట మొయ్యగలవా?"

మా ఇంటి కథలో ఉన్న ముడి అంతా అక్కడే ఉంది. నాకప్పుడే అర్థమయింది. నిన్న అయితే అయ్య లేడు. రేపు అయితే అయ్య ఉన్నాడు, కానీ మాకు లేడు. ఏది కావాలో కోరుకోమంటే పిల్లదాన్నయిన నేనే కోరుకోలేకపోయేదాన్ని. అమ్మ చేతుల గాజులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు కూడా లేదు, అంత కదలకుండా నిలబడింది.

"నాకు గౌరవం ఇయ్యడానికి ఆయన్ని సంపుతారేటి మావా?" అంది.

ఇంకో మాట కూడా అంది. "గాజులు నా సేతులివి. నిన్న అని తేలిన్నాడు నానే తీసుకుంటాను. మీరు రానక్కర్లేదు." పెద్దాయన తువ్వాలు దులుపుకుని లేచాడు. కార్యం లేకుండానే ఆ మర్నాడు ఒక పడవ వెళ్ళింది, చేపలతో తిరిగొచ్చింది. ఆ తర్వాత అన్నీ వెళ్ళాయి. సముద్రానికి కోపం రాలేదు. వీధికి వచ్చింది.

ఎవరూ తిట్టలేదు, నీళ్ళ దగ్గర అడ్డం పడలేదు. పేరంటానికి పిలిచేవారు కూడా, కానీ పిలిచాక ఎక్కడ కూర్చోబెట్టాలో వాళ్ళకి తెలిసేది కాదు. పసుపు రాసే వరసలో కూర్చుంటే ముత్తైదువులు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. వెనక వరసలో తెల్లచీరల దగ్గర కూర్చుంటే, బొట్టుతో ఈవిడ ఇక్కడేంటని వాళ్ళు జరిగేవారు. అమ్మ ఒక ఉపాయం పట్టింది. ఎక్కడికెళ్ళినా ముందు గరిటె చేతిలోకి తీసుకునేది. వడ్డించే మనిషికి వరస ఉండదు. నా పెళ్ళిలో కూడా అంతే. చౌల్దారీ నుంచి వచ్చిన మగపెళ్ళివారు "పెళ్ళికూతురి తల్లి ఏరీ?" అని వెతుక్కుంటుంటే ఆవిడ బంతిలో పులుసు పోస్తోంది. మావారి మేనత్త నన్ను పక్కకి పిలిచి, "మీ నాన్న ఉన్నట్టా, లేనట్టా?" అని గుసగుసగా అడిగింది. ఆమె మొహం చూస్తే లేడంటే నయం అనిపించింది, లేడన్నాను. మేనమామ అడిగినప్పుడు మెయిన్‌ల్యాండ్‌లో ఉన్నాడన్నాను. ఎవరికి ఏది సర్దుబాటుగా ఉంటే అది. నేను అందరిలాగా ఉండాలనుకున్న పిల్లని. బడిలో కూడా అందరూ ఏ రంగు రిబ్బను కడితే ఆ రంగు కట్టుకునేదాన్ని.

వీధికి అమ్మ మీద అనుమానం, అమ్మకి వీధి మీద అనుమానం, నాకు అమ్మ మీద అనుమానం. ఈవిడకి ఏదో కబురు అందుతోంది, లేకపోతే ఇంత నిబ్బరంగా ఎలా ఉంటుందని పిన్ని మా వంటింటి కిటికీ దగ్గర చెవి పెట్టేది. అమ్మకి తెలిసి ఆ వేళకే గంజి కిటికీలోంచి పారబోసేది. "ఓలమ్మో, కాల్చీసినావే!" "అయ్యో, నువ్వున్నావా అక్కడ? పిల్లి అనుకున్నాను." నేను మాత్రం అమ్మ ఎదురుచూస్తోందని నమ్మాను. జహాజ్ సైరన్ మోగినప్పుడల్లా ఆవిడ చేతుల వైపు కనిపెట్టి చూసేదాన్ని. బియ్యం ఏరుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగుతుందేమోనని. ఎన్ని ఏళ్ళు చూసినా ఆగలేదు. అందుకే అనుమానం ఇంకా పెరిగింది. ఎదురుచూడని మనిషి ఆ బొట్టు ఎందుకు పెట్టుకుంటోంది? గాజులు పగిలితే కొత్తవి ఎందుకు వేయించుకుంటోంది? నా దగ్గర ఏదో దాస్తోందనుకున్నాను.

నా జుట్టు నెరిసే వేళకి, సునామీ వచ్చినప్పుడు, సన్యాసమ్మ పిన్ని అల్లుడు దక్షిణాన ఎక్కడో పనిలో ఉన్నాడు. మనిషి దొరకలేదు, కబురూ దొరకలేదు. అప్పటికి సింహాద్రి చిన్నాన్న లేడు. పెద్దలు అన్నవాళ్ళ కొడుకులు ఇప్పుడు పెద్దలు. వాళ్ళూ పిన్ని అరుగు మీద కూర్చుని అదే మాట చెప్పారు, ఒప్పుకుంటే గౌరవం అని. పిన్ని మధ్యాహ్నం ఎండలో డిగ్నాబాద్ నుంచి, అమ్మ నా దగ్గర ఉంటున్న బ్రూక్షాబాద్‌కి వచ్చింది, ఆటో కూడా ఎక్కకుండా నడిచి. నేను వంటింట్లో చేప వేయిస్తున్నాను. అమ్మ గిన్నె మీద మూత పెట్టడానికి లేవలేదు. అది మొదటిసారి.

"అప్పా" అంది పిన్ని నేల మీద కూలబడి ఏడుస్తూ, "ఇన్నేళ్ళూ బావ వస్తాడని నువ్వెలా నమ్మినావో నాకు సెప్పు. నా కూతురికి సెప్పాలి."

"నమ్మినానని నీకెవలు సెప్పినారే?" అంది అమ్మ.

పిన్ని ఏడుపు ఆపింది. నేను పొయ్యి ముందు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"నువ్వే కదేటి, రేపు అన్నావు! ఈదంతా నిన్న అంటే నువ్వు రేపు అన్నావు!"

"నాను రేపనలేదు సన్నేసమ్మా. ఒక్కసారి కూడా అనలేదు. మీరు నిన్న అన్నారు. నాకు తెల్దన్నాను. నాను రేపన్నానని మీరే అనుకున్నారు. తెల్దు అని ఒక మనిసి ఊరుకుంటాదని మీకెవలికీ తోచలేదు."

"మరి బొట్టు?"

"అంతకు ముందు రోజు పెట్టుకున్నాను కదేటి. తియ్యడానికి ఏదైనా తెలియాలి. పెట్టుకోడానికి కొత్తగా ఏటీ తెలియక్కర్లేదు."

పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. "మరి పడుకునేదానివి ఎలాగప్పా? నా కూతురు కళ్ళు మూయట్లేదు."

"ఆ తెల్దు పక్కన పెట్టుకునే పడుకోవాలి" అంది అమ్మ. "మొదట్లో గుచ్చుకుంటాది. తరవాత మనం అటో ఇటో సర్దుకుంటాం. అది సర్దుకోదు." ఆ తర్వాత నా వైపు తిరిగి, "చేప మాడతంది, ముక్కు లేదేటి నీకు?" అంది.

ఎంత పిచ్చిదాన్ని నేను. అమ్మ నా దగ్గర ఏదీ దాచలేదు. మాయాబందర్ జెట్టీ మీద బన్ను చేతిలో పెట్టి తెల్దు అంది, ఆవిడ దగ్గర ఉన్న జవాబు అదే. అది జవాబే కాదనుకున్నాను నేను. అందరూ ఎండని నమ్మే చోట ఆవిడ నమ్మదని నవ్వుకున్నాం. తనకి తెలియనిది తెలిసినట్టు చెప్పే ప్రతిదాని మీదా ఆవిడకి అనుమానమే, అది ఎండ అయినా, సింహాద్రి చిన్నాన్న అయినా, గౌరవం తెచ్చిచ్చే పెద్దలయినా.

ఇప్పుడు మా అబ్బాయి ఓడ మీద పని చేస్తున్నాడు. కోడలు ఫోన్ తీసి నీలం చుక్క చూపిస్తుంది, "అత్తయ్యా, ఇదిగో, హట్ బే దాటేశారు" అని. మనవరాలు ఆ చుక్కకి ముద్దు పెడుతుంది. గాలివాన వస్తుందని ఫోన్ ముందే మోగుతుంది. కబురు కోసం లస్కర్ చొక్కా పట్టుకోవలసిన పని లేదు. మంచిదే. కానీ ఆ చుక్క ఫోను ఎక్కడుందో చెప్తుంది, మా అబ్బాయి ఎక్కడున్నాడో చెప్పదు కదా అని నా లోపల ఒక గొంతు అంటుంది. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఇప్పటి పిల్లలు తెలియదు అన్న మాట అనలేరు. ఏది అడిగినా ఫోను తీసి ఒక నిమిషంలో ఏదో ఒకటి చెప్తారు. వాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది, భయమూ వేస్తుంది. ఫోనుకి తెలియనిది ఏదైనా వీళ్ళ ఇంట్లోకి వచ్చి కూర్చుంటే దాని పక్కన ఎలా పడుకుంటారా అని.

అమ్మ పోయిన రోజు వాన ఆగి ఆగి పడుతోంది. పంతులు కుర్రాడు, మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. స్నానం చేయించాం. ఉతికిన చీర కట్టాం. పసుపు, కుంకుమ పళ్ళెంలో పెట్టి ఆడవాళ్ళు దాని చుట్టూ నిలబడి ఉన్నారు, ఎవరి చెయ్యీ ముందుకు రాదు. మావారి తరఫు వాళ్ళు ఒక పక్క, మా డిగ్నాబాద్ వాళ్ళు ఒక పక్క. "ఇన్నేళ్ళయింది, ఆయన మాత్రం ఉంటాడా ఇంకా, వయసు లెక్కనైనా పోయే ఉంటాడు" అని ఒకామె. "మరి కార్యం చెయ్యలేదుగా, చెయ్యనిది ఎలా పోయినట్టు?" అని ఇంకొకామె. మా కోడలు నా చెవిలో, "అత్తయ్యా, ఏదో ఒకటి చెప్పేయండి, జల్దీ అయిపోతుంది" అంది.

"అమ్మా, సంకల్పంలో అనాలి" అన్నాడు పంతులు. "సుమంగళి అనమంటారా, వద్దా?"

అందరూ నా వైపు చూశారు. అలవాటు కొద్దీ నేనూ వాళ్ళ మొహాలు చూశాను, ఏది చెప్తే ఎవరికి నయంగా ఉంటుందోనని. ఒక్కొక్క మొహంలో ఒక్కొక్కటి కనిపించింది. ఆ తర్వాత అమ్మ మొహం చూశాను. అక్కడ నన్ను ఏదీ అడగడం లేదు.

"తెలీదండీ" అన్నాను.

"తెలీకపోవడమేంటమ్మా? మీ నాన్నగారు..."

"ఉన్నారో లేదో తెలీదు. మా అమ్మకీ తెలీదు. ఆవిడ తెలీదనే చెప్పింది. మీకు తెలిస్తే మీరు చెప్పండి."

ఎవరో చప్పుడు చేశారు, నవ్వో ఏడుపో. సన్యాసమ్మ పిన్ని కుర్చీలోంచి లేవలేదు గాని గొంతు మాత్రం లేచింది. "ఏటి బాబూ అలా సూస్తావు? తెల్దన్నాది కదేటి. నీ మంత్రంలో తెల్దు లేదేటి?"

నేను పళ్ళెం దగ్గరికి వెళ్ళి, ఆవిడ రోజూ పెట్టుకునే చోట, ఆవిడ పెట్టుకునేంతే, బొట్టు పెట్టాను. ముత్తైదువుకి పెట్టినట్టు నుదురంతా దిద్దలేదు. గాజులు ముట్టుకోలేదు. పంతులు చేతిలో దర్భ పట్టుకుని, సుమంగళి దగ్గర ఒకసారి ఆగాడు, వితంతువు అనే రెండో మాట దగ్గర ఒకసారి ఆగాడు. ఆ వీధిలో, ఆ పెళ్ళిళ్ళలో, ఆ బంతుల్లో ఆవిడ అప్పన్న పెళ్ళాం, వదిన, అప్ప, అమ్మీ, పైడితల్లి వాళ్ళమ్మ. చివరికి ఆ కుర్రాడు గొంతు సవరించుకుని, వెనకా ముందూ ఏ మాటా తగిలించకుండా, ఒట్టి పేరు చదివాడు.

నూకమ్మ.